లౌంజ్‌లో ఇడ్లీ

మార్చి మొదటి వారంలో మెసేజ్ వచ్చింది. నా ట్రావెల్ క్రెడిట్ కార్డుకి ఏడాది నిండిందట. వచ్చే బిల్లులో వార్షిక ఫీజు 5,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 900, వెరసి 5,900 రూపాయలు పడతాయట. మొదటి ఏడాది ఫీజు లేదు కాబట్టి ఆ కార్డు లాభమా నష్టమా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు తేల్చుకోడానికి మూడు వారాలు పట్టింది. "ఆరు వేల కోసం ఇంత మథనమా? చదవని పుస్తకాల మీద అంతకంటే ఎక్కువే తగలేస్తావు కదా," అంది మా ఆవిడ. నిజమే. కానీ పుస్తకం కొంటే ఎవరి డబ్బు ఎటు పోతోందో నాకు తెలుసు. ఈ కార్డు విషయంలో అది తెలీదని మా నాన్న అడిగిన ఒక ప్రశ్న వల్ల తెలిసింది. దాని దగ్గరికి వస్తాను, ముందు లెక్క.

ఎక్సెల్ షీట్ తెరిచాను. ఈ కార్డు మీద వంద ఖర్చు పెడితే రెండు పాయింట్లు. ఏడాదిలో నేను గీకింది 4,20,000. అందులో ఇంటద్దె, పెట్రోలు, ఇన్సూరెన్స్ ప్రీమియంలకి పాయింట్లు రావు. అవి పోను మూడు లక్షలు, అంటే 6,000 పాయింట్లు. మూడు లక్షలు చేరినందుకు బోనస్ 2,500. మొత్తం 8,500. ఎయిర్‌లైన్స్ మైళ్ళుగా మార్చుకుంటే పాయింటుకి రూపాయి దాకా వస్తుందని కార్డు వాళ్ళ మాట. పైగా ఎయిర్‌పోర్ట్ లౌంజ్‌లోకి ఏడాదికి ఎనిమిది సార్లు ప్రవేశం. ఒక్కోటి 1,200 వేసుకుంటే 9,600. అన్నీ కలిపి 18,100. ఫీజు తీసేసినా 12,200 లాభం! ఆ షీట్ చూసుకుని రెండు రోజులు హాయిగా నిద్రపోయాను.

మూడో రోజు అదే షీట్‌ని వేరేవాళ్ళ కోడ్ రివ్యూ చేసినట్టు చదివాను. ప్రతి గడిలోనూ వాళ్ళు చెప్పిన ధరే ఉంది. ఈ కార్డు లేకపోతే దీనికి నా జేబులోంచి ఎంత తీసేవాణ్ణి అన్న ప్రశ్న ఎక్కడా లేదు. 1,200 పెట్టి నేను జన్మలో లౌంజ్‌కి వెళ్ళను. రెండిడ్లీ, ఒక కాఫీ ఎయిర్‌పోర్ట్‌లో బయట కొంటే 350 అనుకుందాం. అదీ ఎనిమిది సార్లు కాదు, నేను వాడింది నాలుగే. అంటే 1,400.

ఇక పాయింట్లు. సంక్రాంతికి ఊరెళ్దామని చూస్తే ఆ తేదీల్లో పాయింట్లకి ఒక్క సీటూ కనిపించలేదు. జూలైలో గోవాకి మాత్రం ఎన్నైనా ఉన్నాయి. వానల్లో గోవా! ఇందులో మోసమేమీ లేదు. ఈ మైళ్ళ పద్ధతికి ఊపు తెచ్చింది 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెట్టిన పథకం. తరచూ ఎక్కేవాళ్ళు చెయ్యి జారిపోకుండా, డబ్బుకి అమ్ముడుపోయేలా లేని సీట్లు వాళ్ళకి ఇవ్వడం అందులోని కిటుకు. తర్వాత బ్యాంకులు ఆ మైళ్ళని ఎయిర్‌లైన్స్ దగ్గర కొని మనకి పంచడం మొదలుపెట్టాయి. సంక్రాంతికి సీట్లు ఎలాగూ అమ్ముడుపోతాయి, నాకెందుకిస్తారు? మేం ఊరికి వెళ్ళేది గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో. గోవా వెళ్ళాలని మాకు లేదు. ఎవరైనా సగం ధరకి టికెట్ ఇస్తానంటే వెళ్తామేమో. కాబట్టి పాయింటు అర్ధ రూపాయి. 8,500కి 4,250.

ఇంకో తప్పు కూడా చేశాను. ఈ కార్డు లేకపోతే నాకేమీ రాదన్నట్టు లెక్కేశాను. ఏ ఫీజూ లేకుండా ఒక శాతం వెనక్కిచ్చే కార్డులున్నాయి. అదే మూడు లక్షలు దాని మీద పెడితే 3,000 వచ్చేది. అంటే 4,250, 1,400 కలిపి అందులోంచి 3,000 తీసేస్తే, ఈ కార్డు నాకు అదనంగా ఇచ్చింది 2,650. దానికి 5,900 కట్టాలి. నష్టం 3,250. ఫిబ్రవరిలో బోనస్‌కి 14,000 తక్కువైందని కొన్న ట్రాలీ సూట్‌కేస్‌ని ఈ లెక్కలో వెయ్యలేదు. అందులో ఇప్పుడు దుప్పట్లున్నాయి.

అందరికీ ఇదే జవాబు అనను. మా టీమ్‌లో ఒకమ్మాయి ఏటా సొంత డబ్బుతో విదేశాలు తిరుగుతుంది. మామూలు కార్డుల మీద విదేశీ ఖర్చుకి సాధారణంగా 3.5 శాతం మార్కప్ పడుతుంది. తన కార్డుకి 2 శాతమే. ఏడాదికి నాలుగు లక్షలు బయట ఖర్చు పెడితే అక్కడే 6,000 మిగులుతుంది, ఆ మేరకి జీఎస్టీ కూడా. వెళ్ళాలనుకున్న చోటికే వెళ్ళేవాళ్ళకి ఈ కార్డు పనికొస్తుంది. నాలాంటివాళ్ళకి ఎక్కడికి వెళ్ళాలో అది చెప్తుంది.

ఇక నాన్న. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరై సామర్లకోటలో ఉంటారు. మొన్న నవంబర్లో కళ్ళు చూపించుకోడానికి హైదరాబాద్ వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్కసారైనా విమానం ఎక్కిద్దామని రాజమండ్రికి టికెట్లు తీసి నేనూ బయల్దేరాను. శంషాబాద్‌లో గొప్పగా లౌంజ్‌కి తీసుకెళ్ళాను. కౌంటర్లో కార్డు గీకితే మనిషికి రెండు రూపాయలు పడ్డాయి. "రెండ్రూపాయలకి ఇన్ని రకాలా!" అన్నారు నాన్న. ఇడ్లీ, ఉప్మా పెట్టుకుని కూర్చుని చుట్టూ చూశారు. మాకు దగ్గర్లోనే అన్నవరం. కొండ మీద అన్నదానం జరుగుతుంది, సత్రాల గోడల మీద దాతల పేర్లుంటాయి. ఆయన ఇక్కడా గోడలే చూస్తున్నారు.

"ఎవరు పెట్టిస్తున్నార్రా ఇదంతా?"

"బ్యాంకు వాళ్ళు, నాన్నా."

"బ్యాంకు వాళ్ళకెవరు పెడుతున్నారు?"

బోర్డింగ్ టైమైందని లేచాను. జవాబు తెలీక కాదు.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడవునా ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దిగడానికి చోటుందో లేదో రాసుకున్నాడు. సత్రంలో దిగిన బాటసారి అది కట్టించిన పుణ్యాత్ముణ్ణి తలుచుకోవచ్చు. లౌంజ్‌లో ఎవర్ని తలుచుకోవాలి?

కార్డు గీకిన ప్రతిసారీ షాపతను అందులో కొంత శాతం బ్యాంకులకి వదులుకుంటాడు. అది ధరలో కలుస్తుంది కాబట్టి నోట్లు ఇచ్చి కొన్నవాళ్ళూ కడతారు. ఇదొకటి. రెండోది వడ్డీ. నేను ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేస్తాను, నా దగ్గర వాళ్ళకి వడ్డీ రాదు. కట్టలేనివాళ్ళ దగ్గర నెలకి 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే వసూలు చేస్తారు.

కట్టలేనివాళ్ళు ఎవరో నాకు బాగా తెలుసు. 2014లో మొదటి ఉద్యోగం, మొదటి కార్డు. లాప్‌టాప్, ఫ్రెండ్ పెళ్ళికి ప్రయాణం, రూమ్ అడ్వాన్స్ సర్దుబాటు, అన్నీ కలిపి 40,000 బాకీ. బిల్లు మీద 'మినిమమ్ డ్యూ' అని 2,000 ఉండేది. అది కడితే చాలనుకున్నాను. అందులో వడ్డీ 1,400, దాని మీద పన్ను. నాలుగు వందల చిల్లర మాత్రమే అసలులో తగ్గేది. ఇంజనీరింగ్ చదివినవాడికి ఈ తీసివేత చెయ్యడానికి ఏడాదిన్నర పట్టింది. బోనస్ వస్తే తీర్చేశాను. ఇంట్లో చెప్పలేదు. లెక్కల మాస్టారి కొడుకుని, ఏ మొహం పెట్టుకుని చెప్తాను? ఆ ఏడాదిన్నరా ఏదో ఒక ఎయిర్‌పోర్ట్‌లో ఎవరో ఇడ్లీ తింటూనే ఉండి ఉంటారు. వాళ్ళకి నావంతు నేను పెట్టించాను.

మార్చి చివర్లో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. తొంభై రోజుల్లో లక్ష ఖర్చు పెడితే ఫీజు మాఫీ చేస్తామంది అవతలి అమ్మాయి. ఫోన్ చెవి దగ్గరుండగానే నా మనసు ఫ్రిజ్ ఎంతుంటుందో లెక్కేస్తోంది. "ఆ సూట్‌కేస్‌లో ఫ్రిజ్ పట్టదు," అంది మా ఆవిడ పక్కనుంచి. మూసెయ్యమని చెప్పాను. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలని, ఆలస్యమైతే రోజుకి 500 ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. నాలుగో రోజే మూసేశారు. మూసేముందు 8,500 పాయింట్లని పుస్తకాల వోచర్‌గా మార్చుకుంటే పాయింటుకి పావలా లెక్కన 2,125 వచ్చింది. అర్ధ రూపాయి అనుకోవడం కూడా నా ఆశే అన్నమాట. ఇప్పుడు ఫీజు లేని కార్డు వాడుతున్నాను. దాని ఒక శాతమూ ఆ జేబుల్లోంచే వస్తుందని తెలుసు. అయినా తీసుకుంటున్నాను.

ఉగాదికి ఊరెళ్ళినప్పుడు కార్డు తీసేశానని నాన్నకి చెప్పాను. "ఆ ఇడ్లీలు ఎవరు పెట్టిస్తున్నారో తేలిందా మరి?" అన్నారు. అప్పుడు 2014 సంగతి చెప్పాను. మొత్తం విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "నెలకి ఎంత వడ్డీ అన్నావూ?" అని మళ్ళీ అడిగారు. చెప్పాను. కాసేపు నోట్లో లెక్క కట్టుకున్నారు.

"అప్పుడే ఒక్క మాట చెప్తే నేనిచ్చేవాణ్ణి కదరా," అన్నారు.