మాంగెరేలో ఆడవాళ్ల గది

న్యూజిలాండ్‌లో, దక్షిణ ఆక్లాండ్‌లోని మాంగెరేలో అదొక టోంగా దీవులవాళ్ల చర్చి హాలు. అక్కడ జరిగే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల శిబిరానికి శనివారం పొద్దున్నే వెళ్లాను. మగవాళ్లందరినీ బయట పొయ్యిల దగ్గరే ఆపేశారు. లోపలికి ఆడవాళ్లకు మాత్రమే ప్రవేశం. ఎందుకని అడిగితే శిబిరం నర్సు చెప్పింది: అన్నదమ్ముల ఎదుట అక్కచెల్లెళ్లు ఒంటి సంగతులు ఎత్తడం టోంగా మర్యాద కాదు. మనకు బావ వరసయ్యే మేనమామ కొడుకు కూడా వాళ్లకు అన్నే. అందుకే ఊరంతా చేరిన హాల్లో ఎవరికో ఒకరికి ఒక అన్న ఉండనే ఉంటాడు. ఇక ఎవరూ నోరు విప్పరు.

తలుపు మూశాక మాత్రం ప్రశ్నలు ఆగలేదు. ఈ క్యాన్సర్ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుందనీ, అది లైంగిక సంపర్కంతో సోకుతుందనీ నర్సు చెప్పగానే వెనక బెంచీలోంచి ఒకావిడ లేచింది. "అంటే నాకు వైరస్ ఉందంటే మా ఆయన బయట తిరుగుతున్నట్టేనా?" కాదంది నర్సు. అది ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట సోకి, ఇన్నాళ్లూ కదలకుండా ఉండి ఉండవచ్చు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ తగిలేదే, చాలామందికి రెండేళ్లలో దానంతటదే పోయేదే. ఆ జవాబు విన్నాక చాలామంది స్థిమితపడ్డారు. ఎన్ని కరపత్రాలు పంచినా రాని ప్రశ్న అది.

న్యూజిలాండ్‌లోని పసిఫిక్ దీవుల స్త్రీలలో ఈ క్యాన్సర్ ఎక్కువ, పరీక్షకు వచ్చేవాళ్లు తక్కువ. "వాళ్లు రారండీ" అనడం తేలిక. పాత పద్ధతిలో బల్లమీద పడుకుని, ముక్కూమొహం తెలియని మనిషి ఎదుట కాళ్లు ఎడం చేయాల్సి వచ్చేది. దానికి చాలాసార్లు ఎదురు ఫీజు కట్టాల్సి వచ్చేది, పని మానుకోవాల్సి వచ్చేది. పిలుపు వచ్చేదేమో ప్రభుత్వ ఉత్తరంలో. 1970లలో వీసా గడువు దాటినవాళ్లను పట్టుకోవడానికి పోలీసులు తెల్లవారకముందే పసిఫిక్ కుటుంబాల తలుపులు బాదారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2021లో. అప్పటి పిల్లలు ఇవాళ ఈ పరీక్ష వయసులో ఉన్నారు. ప్రభుత్వ కవరు చూస్తే వాళ్ల గుండె గుభేలుమనదా?

అసలు ఈ దేశవ్యాప్త పరీక్షల పథకం పుట్టిందే ఒక అన్యాయం బయటపడ్డాక. ఆక్లాండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో క్యాన్సర్‌కు ముందు దశలో ఉన్న స్త్రీలకు సరైన చికిత్స ఇవ్వకుండా, ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. 1988లో కార్ట్‌రైట్ విచారణ నివేదిక దాన్ని నిర్ధారించింది.

2023 సెప్టెంబరు నుంచి పద్ధతి మారింది. 25 నుంచి 69 ఏళ్లవాళ్లు స్వాబ్ తామే తీసుకోవచ్చు. నర్సు గొట్టం మూత తిప్పి, చివర మెత్తటి కుచ్చున్న సన్నని పుల్లను బయటికి తీసి చూపించింది. ఒక పెద్దావిడ దాన్ని వేలితో నొక్కి చూసి "ఇంతేనా?" అంది. అయినా స్వాబ్ తీసుకోలేదు. ముందు బాత్‌రూమ్‌కు వెళ్లి గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసి వచ్చింది. ఆ తర్వాతే చెయ్యి చాపింది. వైరస్ లేదని తేలితే మామూలుగా మళ్లీ ఐదేళ్ల తర్వాతే పరీక్ష.

క్యూలో ఒక ఫిజీ భారతీయ మహిళ పలకరించింది. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఫిజీ చెరకు తోటలకు గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లిన మనవాళ్ల మునిమనవరాలు. తెలుగు రాదు. పసిఫిక్ స్త్రీలకు ఈ పరీక్ష ఉచితం, కానీ ఇక్కడి లెక్కల్లో ఈవిడ ఆసియా మనిషి. ముప్ఫై దాటి ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదు కనుక, ఆ నిబంధన కింద ఉచితమైంది. రొమ్ము, పేగు క్యాన్సర్ పరీక్షలు మాత్రం వాటికి నిర్ణయించిన వయసులో ఉన్న అర్హులందరికీ ఉచితమే. దీనికి ఈ వడపోత ఎందుకో నాకు మింగుడుపడలేదు.

16 లేదా 18 రకం వైరస్ కనిపిస్తే నేరుగా కాల్పోస్కోపీకి, అంటే గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్షకు పంపుతారు. నర్సు ఒక్కొక్కరి పేరు పక్కన ఫోన్ చేయాల్సిన వేళ రాసుకుంది. ఆసుపత్రికి ఎవరి కారులో వెళ్తారు, ఆ పూట పిల్లల్ని ఎవరు చూస్తారు అని కూడా అడిగి రాసుకుంది. స్వాబ్‌లకు డబ్బు కేటాయించిన ప్రభుత్వం ఈ పనికీ కేటాయించాలి.