పంతొమ్మిదో స్లైడు

పుస్తకాల గురించి రాసే చోట స్లైడ్ల గోలేమిటి అనుకోవచ్చు. కానీ ఉద్యోగంలో చేరిన ఈ పన్నెండేళ్లలో నేను చదివిన పుస్తకాల కంటే తయారు చేసిన ప్రెజెంటేషన్లే ఎక్కువ. పుస్తకాలకి సమీక్షలు రాశాను. నా స్లైడ్లని మాత్రం ఎప్పుడూ సమీక్షించుకోలేదు. అందులో ఒకటి నాకింకా బాకీ ఉంది.

మాది అనకాపల్లి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది సెమినార్లో తెర వైపు తిరిగి, క్లాసుకి వీపు చూపించి, స్లైడ్ల మీదున్నదంతా చదివేసి కూర్చున్నాను. మార్కులు బాగానే వేశారు. ఆ రోజు ఓ కిటుకు పట్టుబడింది: స్లైడు మీద ఎంత ఎక్కువ ఉంటే నేనంత తక్కువ మాట్లాడొచ్చు. బుల్లెట్ పాయింట్‌తో ఇంకో సుఖం ఉంది. వాక్యం పూర్తి చెయ్యక్కర్లేదు. ఇంగ్లీషు తప్పులు బయటపడవు. కర్త అక్కర్లేదు, క్రియ అక్కర్లేదు. ఉద్యోగం వచ్చాక ఇంగ్లీషు భయం పోయింది గానీ ఆ సుఖం మాత్రం వదల్లేదు.

కొన్నేళ్ల క్రితం మా టీమ్ ఒక పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మారాల్సి వచ్చింది. ఏ రాత్రి మారాలో పెద్దవాళ్లు నిర్ణయించే మీటింగులో ప్రెజెంటేషన్ నాది. పరీక్షలన్నీ చేసింది కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఒకమ్మాయి. మీటింగుకి రెండ్రోజుల ముందు నా దగ్గరకొచ్చి, "అన్నా, మనం టెస్ట్ చేసింది చిన్న డేటా మీదే. అసలు డేటాకి ఎంతసేపు పడుతుందో మనకి తెలీదు. అది మాత్రం తప్పకుండా చెప్పండి" అంది.

చెప్పాను. పంతొమ్మిదో స్లైడులో, నాలుగో బుల్లెట్ కింద, చిన్న అక్షరాల ఉప-బుల్లెట్‌గా: "ఫుల్ స్కేల్ వాలిడేషన్: పెండింగ్". ఆ స్లైడు మీద ఇరవై సెకన్లు ఆగానేమో. ప్రెజెంటేషన్ బావుందన్నారు. రంగులు కూడా బావున్నాయన్నారు.

మూడు గంటల్లో ముగియాల్సిన పని మర్నాడు మధ్యాహ్నం దాకా సాగింది. అంతసేపూ కస్టమర్లకి సర్వీసు లేదు. తర్వాత పెట్టిన కాల్‌లో "ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. "స్లైడులో ఉంది కదండీ" అన్నాను. "మరి టెస్టింగ్ ఎవరు చేశారు?" అన్నారు. నేను పేరు చెప్పాను. తను కూడా కాల్‌లోనే ఉంది. ఏమీ మాట్లాడలేదు. రెండు నెలలకి తన కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఇదేనని ఎవరూ అనలేదు. కాదని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఆ తర్వాత చాలా కాలానికి ఎడ్వర్డ్ టఫ్టీ రాసిన "ది కాగ్నిటివ్ స్టైల్ ఆఫ్ పవర్‌పాయింట్" చదివాను. 2003లో వచ్చిన చిన్న పుస్తకం. దాంట్లో కొలంబియా స్పేస్ షటిల్ గురించిన ఒక స్లైడుని ఆయన వాక్యం వాక్యం విప్పి చూపిస్తాడు. కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలి తీసుకున్న కొలంబియా సంగతి మన తరానికి గుర్తే. 2003 జనవరి 16న బయల్దేరిన నిమిషంన్నర లోపే ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఊడి, ఎడమ రెక్కకి తగిలింది. షటిల్ ఇంకా పైన తిరుగుతుండగానే, ప్రమాదం ఎంతో బోయింగ్ ఇంజనీర్లు అంచనా కట్టి నాసా అధికారులకి స్లైడ్లు చూపించారు. అందులో ఒక దాని శీర్షిక ధైర్యం చెబుతుంది. కిందికి దిగుతున్న కొద్దీ బుల్లెట్లు, ఉప-బుల్లెట్లు. అట్టడుగున, అన్నిటికన్నా చిన్నగా, అసలు సంగతి: పరీక్షల్లో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపుటంగుళాలు, రెక్కకి తగిలిన ముక్క అంచనా 1920. అంటే 640 రెట్లు. ఆ పరీక్షల ఫలితాలు ఇక్కడ వర్తిస్తాయో లేదో చెప్పలేమన్నమాట. ఫిబ్రవరి 1న షటిల్ తిరిగొస్తూ ముక్కలైంది. ఆ ఆగస్టులో వచ్చిన విచారణ సంఘం నివేదిక కూడా ఈ స్లైడుని ప్రత్యేకంగా తప్పుపట్టింది.

అది చదివి పుస్తకం మూసేశాను. నా పంతొమ్మిదో స్లైడు కళ్ల ముందు కనిపించింది. నా వల్ల ఎవరి ప్రాణాలూ పోలేదు. కానీ చేసిన పని అదే: చిన్న పరీక్ష, పెద్ద వాస్తవం, అడుగున దాచిన మాట.

టఫ్టీతో నాకొక పేచీ ఉంది. ఆయన కోపం చాలావరకు పవర్‌పాయింట్ మీదే. కానీ పవర్‌పాయింట్ నా చేత ఏమీ చేయించలేదు. దాక్కోవడానికి చోటిచ్చింది, అంతే. దాక్కోవాలనుకున్నది నేను. 2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పెద్దల మీటింగుల్లో స్లైడ్లు మానిపించి, పూర్తి వాక్యాల్లో రాసుకురమ్మన్నాడు. మంచి మందే. కానీ అందరం అమెజాన్‌లో లేం. రేపు పదింటికి మనకి మళ్లీ స్లైడ్లే.

ఈ మధ్య అలాంటిదే ఇంకో మీటింగొచ్చింది. ఈసారీ పరీక్షలు పూర్తి కాలేదు, ఈసారీ తేదీ దగ్గర పడింది. ముందు శని, ఆదివారాలు ఇంటికెళ్లాను. మా నాన్న ఎన్టీఆర్ మార్కెట్ యార్డులో ఒక బెల్లం కొట్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. లాప్‌టాప్ ముందేసుకుని గొణుక్కుంటుంటే, "ఏట్రా అది?" అన్నాడు. తెలుగులో చెప్పడం మొదలెట్టాను. "లోడ్ టెస్టింగ్ పెండింగ్" దగ్గర ఆగిపోయాను. నాన్నకి దాన్ని అలాగే చెప్పలేను. తెలుగులో చెప్పాలంటే క్రియ కావాలి, ఆ క్రియ చేసేవాడో చెయ్యనివాడో కావాలి. "మేం ఇంకా పరీక్షించలేదు నాన్నా" అన్నాను. అన్నాళ్లుగా అంటున్నదే. అయినా మొదటిసారి నా చెవికి వినిపించింది.

"మరి ఆ మాట వాళ్లకి ఎప్పుడు చెప్తావు?"

"చివర్లో."

నాన్న నవ్వాడు. "బెల్లం దిమ్మలు పేర్చేటప్పుడు రంగున్నవి పైనెడతారు, నల్లవి అడుగునెడతారు. కొనేవోడికి తెలీదేటి? ఎలాగూ అడుగుది లాగిస్తాడు, గోటితో గిల్లి చూస్తాడు. అప్పుడు మొత్తం సరుక్కే రేటు తెగ్గొడతాడు. అదేదో నువ్వే తీసి ముందెట్టు. మిగతావోటికైనా రేటు నిలబడతాది."

రంగు కోసం పాకంలో హైడ్రోస్ కలిపే సంగతి మా ఊళ్లో అందరికీ తెలిసిందే. చూడ్డానికి తేటగా ఉన్న దిమ్మ మొదటి రకం కింద పోతుంది, నల్లబెల్లం రుచిగా ఉన్నా వెనకబడుతుంది. నా స్లైడ్ల రంగుల్ని మెచ్చుకున్న మీటింగు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ రాత్రి ఇరవై రెండు స్లైడ్లని నాలుగు చేశాను. ముందు పవర్‌పాయింట్ మూసేసి, చెప్పాల్సింది ఒక పేజీలో పూర్తి వాక్యాలుగా రాశాను. వాళ్లని నేను ఏ నిర్ణయం అడుగుతున్నానో ఒక్క వాక్యంలో రాయడానికే గంట పట్టింది. మొదటి స్లైడు మీద రెండే వాక్యాలు: అసలు లోడులో ఐదో వంతు మీదే మేం పరీక్షించాం, మిగతాది పరీక్షించడానికి ఐదు వారాలు కావాలి. పక్కన ఒకే బొమ్మ, చిన్న గడి, పెద్ద గడి. మేడ మీద నిలబడి మూడుసార్లు పైకి చెప్పుకున్నాను. మొదటిసారి పదిహేడు నిమిషాలు పట్టింది, మూడోసారి ఎనిమిది.

మీటింగులో "వుయ్ హావ్ నాట్ టెస్టెడ్" అన్నాక గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని ఏదో ఒక మాటతో నింపెయ్యాలని నాలుక లాగింది. ఊరుకున్నాను. తర్వాత అరగంటలో ఇరవై నిమిషాలు ప్రశ్నలే. "ఎందుకు చెయ్యలేదు?" అన్నదానికి జవాబు నాకంత గౌరవప్రదమైనదేం కాదు, అయినా చెప్పాను. బావుందని ఎవరూ అనలేదు. తేదీ వాయిదా వేశారు. ఈ ఏడాది నా రేటింగు ఏమవుతుందో తెలీదు.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. "ఏటన్నారు?"

"కోప్పడ్డారు. వాయిదా వేశారు."

"అయితే ఇన్నారన్నమాట" అన్నాడు.

ఇది ఐదు వారాలు వాయిదా పడిన సంగతి. దానికి ముందు వాయిదా పడింది ఇంకొకటుంది. ఆ రోజు కాల్‌లో నేను చెప్పాల్సిన వాక్యం: "తను నాకు చెప్పింది. నేను దాన్ని చిన్నది చేశాను." కర్త, క్రియ రెండూ ఉన్న వాక్యం. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్లో, మంచి ఉద్యోగంలోనే ఉందని విన్నాను. నెంబరు నా దగ్గరుంది. ఈ వ్యాసం వచ్చాక లింకు పంపితే సరిపోతుంది కదా అనుకున్నాను ముందు. అది మళ్లీ స్లైడులో రాసి చేతులు దులుపుకోవడమే. ఫోన్ చెయ్యాలి.