ముప్పది పుటలు

దినమున కొక పుట చొప్పున ముప్పది దినములు వ్రాయవలెనని పూనిన నియమము నిన్నటితో ముగిసినది. విషయమునకు లోటు రాలేదు. లోటెల్ల అరగంట కాలమునకే. పాలపద్దు వ్రాయునపుడు నన్నెవ్వరును పిలువరు. నా మాట నేను వ్రాసికొనునపుడు మాత్రము ఇంటిల్లిపాదికిని నాతో పని తగులును. స్త్రీ వ్రాతకు ఇంట నింకను సెలవుచీటి కావలయును కాబోలు!

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3న మరలివచ్చువరకు కాశీయాత్రా విశేషములను మజిలీలలో వ్రాసికొనిరి. ఎండలలోను వానలలోను విడువని ఆ పట్టుదలకు నమస్కరింతును. అయినను వారి వెంట బోయీలును పరివారమును ఉండిరి. నాకు వంటింటి గడపయే మజిలీ. పందొమ్మిదవనాడు మనుమనికి జ్వరము. ఆ పుటలో నాలుగే పంక్తులున్నవి. నాకు మిక్కిలి నచ్చినవి అవియే.

మా కోడలు వానిని చదివి తనకు నొక నోటుపుస్తకము కావలెననినది. ఆమె వ్రాయు అరగంటయు పొయ్యి నేను చూచుకొందును.