గుమ్మం ముందు ఆగి అడిగినవాళ్ళు

సికింద్రాబాద్‌లో సిటీ బస్సెక్కి తిరిగినవాళ్ళందరికీ బైబిల్ హౌస్ తెలుసు. రాణిగంజ్ దగ్గర ఒక స్టాపు. కండక్టర్ పేరు పిలుస్తాడు, దిగేవాళ్ళు దిగుతారు, బస్సు కదులుతుంది. ఆ పేరు వెనక ఒక వృత్తి ఉండేదని, ఆ వృత్తినే నమ్ముకున్న మనుషులు అక్కడ పుస్తకాలు లెక్కపెట్టి తీసుకుని లష్కర్ అని పిలిచే ఈ ఊరి వీధుల్లోకి నడిచి వెళ్ళేవారని ఇప్పటి పిల్లలకు తెలిసే వీలు లేదు. చర్చిల్లో వాళ్ళని కొల్పోర్టర్లు అనేవారు. బస్తీల్లో మాత్రం ‘పుస్తకాల తాత’ అనే పిలిచేవారు. మా తాతయ్య అలాంటి పుస్తకాల తాతే.

ఆయన సంచి ఖాకీ గుడ్డది. పట్టీ భుజాన్ని కోయకుండా నాయనమ్మ పాత చీర ముక్క మడిచి కుట్టింది. లోపల పూర్తి బైబిళ్ళు ఒకటో రెండో ఉండేవి, మిగతావన్నీ సువార్త భాగాలు. మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తల్ని దేనికది విడిగా, పల్చటి అట్టతో, జేబులో పట్టేంత పుస్తకాలుగా బైబిల్ సొసైటీ అచ్చు వేసేది. తెలుగువి పైన, ఉర్దూవి మధ్యలో, తమిళానివి అడుగున సర్దేవాడు. లష్కర్‌లో ఈ మూడూ లేకుండా తిరిగితే సగం ఇళ్ళ ముందు మూగవాడై నిలబడాల్సిందే. ఒక్కో భాగం వెల పైసల్లోనే. అయినా ఊరికే ఎవరికీ ఇచ్చేవాడు కాదు. డబ్బు లేదన్నవాళ్ళ దగ్గర గుప్పెడు చింతపండో, నాలుగు పచ్చిమిరపకాయలో తీసుకునేవాడు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: “ఊరికే ఇస్తే వద్దనడానికి మొహమాటపడతారు బిడ్డా. కొనుక్కునేటోడైతే వద్దని గట్టిగా చెప్పగలడు. వద్దనే వీలు మనమే వాళ్ళకి ఇయ్యాలె.”

సెలవు రోజుల్లో ఆయన వెంట చిలకలగూడ, బోయిగూడ వైపు వెళ్ళేదాన్ని. అప్పట్లో ఆ ఇళ్ళకు వీధి వైపు అరుగులుండేవి. తాతయ్య నేరుగా అరుగెక్కేవాడు కాదు. కింద నిలబడి, చెప్పులు విడిచి, “అన్నా, జర కూసోవచ్చునా?” అని అడిగేవాడు. కూసో తాతా అంటే కూర్చునేవాడు. పని ఉంది పో అంటే, “మంచిదన్నా, సల్లగుండు” అని దండం పెట్టి పక్కింటికి నడిచేవాడు. కూర్చున్న తర్వాత సంచి తెరవడానికి చాలాసేపు పట్టేది. ముందు మంచినీళ్ళు అడిగేవాడు. ఎక్కడి నుంచి వచ్చారు, వానలు పడ్డాయా, పిల్ల పెళ్ళి కుదిరిందా అని అడిగి, వాళ్ళు చెప్పింది పూర్తిగా వినేవాడు. ఒక ఇంట్లో రైల్వేలో పనిచేసే కొడుకు కాలు పోగొట్టుకుని మంచాన ఉన్నాడు. ఆ రోజు తాతయ్య సంచి తెరవనే లేదు. ఆ అబ్బాయి తండ్రి మాట్లాడుతూనే ఉన్నాడు, ఈయన వింటూనే ఉన్నాడు. లేచేటప్పుడు, “నీ కొడుకు కోసం ప్రార్థన చేసుకోవచ్చునా?” అని అడిగాడు. ఆ పెద్దాయన తలూపాడు. రెండు మాటల ప్రార్థన, అంతే. తర్వాత ఎన్నోసార్లు ఆ ఇంటికి వెళ్ళాడు. వాళ్ళు ఏ చర్చిలోనూ చేరలేదు. సంక్రాంతికి మాత్రం మా ఇంటికి సకినాలు వచ్చేవి.

నాయనమ్మ బైబిల్ ఉమన్. తెల్ల చీర, నల్ల గొడుగు, చంకలో నల్లట్ట బైబిలు, దానితో పాటు ఒక పెద్దబాలశిక్ష. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, పరదాలు కట్టిన ఇళ్ళలో, మగవాళ్ళు అడుగు పెట్టలేని గదుల్లోకి ఆమె వెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళకు ముందు అక్షరాలు దిద్దించేది. వాళ్ళ చెల్లెలి నుంచి వచ్చిన ఉత్తరం చదివిపెట్టేది, జవాబు రాసిపెట్టేది. సువార్త సంగతి ఆ తర్వాత. ఆమె నేర్పిన అక్షరాలతో క్రీస్తును తెలుసుకున్నవాళ్ళు కొందరు, రామాయణం చదువుకున్నవాళ్ళు ఎక్కువమంది. “అక్షరం వచ్చింది కదా, ఇక చదువుకోవడం వాళ్ళిష్టం” అనేది. తన వీధిలోనే చాలా గడపలు తొక్కనివ్వని కులంలో పుట్టిన మనిషి, చేతిలో పుస్తకంతో ఇంకొకరి ఇంట్లో టీచరమ్మగా కూర్చోవడం ఎంత పెద్ద సంగతో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

లష్కర్‌లో క్రైస్తవం మొదట ఇక్కడి జనం కోసం వచ్చింది కాదు. దండు కోసం వచ్చింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంట్‌లో సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. ఆ గుడుల్లో ఆరాధన సిపాయి దొరల భాషలోనే. 1875లో అమెరికన్ బాప్టిస్టులు, మరికొన్నేళ్ళకు ఇంగ్లండ్ నుంచి వెస్లియన్ మిషనరీలు వచ్చాక పని తెలుగు వీధుల్లోకి దిగింది. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ వచ్చింది కూడా తిరుమలగిరిలోని సైనికుల కోసమే. ఆ పని ఆయనకు సరిపోలేదు. తెలుగు నేర్చుకుని మెదక్ దారి పట్టాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ గుడి గురించి అందరూ చెబుతారు. ఆ గుడి లేవడానికి ముందు పల్లెపల్లెకూ కాలినడకన వెళ్ళిన తెలుగు సువార్తికులూ బైబిల్ ఉమన్లూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

తాతయ్యకు ఇష్టమైన మనిషి మాత్రం దొర కాదు, యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మాదిగ పెద్ద. అంతకుముందు యోగం నేర్చుకుని, దాన్ని ఇంకొకరికి నేర్పిన మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక, భార్య నాగమ్మతో కలిసి ఊరూరా చెప్పుకుంటూ వెళ్ళాడు. పరాయి ఊళ్ళో ఎవరి దగ్గర ఎలా కూర్చోవాలో ఆయనకు వ్యాపారమే నేర్పింది. తర్వాత వచ్చిన 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కరువు పని నడుస్తున్నంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని, ఆకలి వేళ మనిషి చేత ఏ మాటా ఇప్పించుకోకూడదని. కరువు పని ముగిసి, ఇక చేతికి డబ్బు ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు. వాళ్ళని నీళ్ళలో ముంచిన చేతులు తెలుగు ప్రసంగీకులవి. తాతయ్య ఈ కథలో అంకె దగ్గర ఆగేవాడు కాదు. ఆగిన నెలల గురించే చెప్పేవాడు.

వీధి కూటాల సంగతి చెప్పాలి. మోండా మార్కెట్ మూసేవేళ, పొద్దుగూకాక, పెట్రోమాక్స్ దీపం ఒకటి, మెడకు తగిలించుకున్న హార్మోనియం, డోలక్, తాళాలు. ముందు పాట. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో చాలా కీర్తనలకు పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి కవులు ఇక్కడి బాణీలోనే రాశారు కాబట్టి, కూరగాయల బండి తోసుకుపోయేవాడు కూడా ఆ రాగం విని నిలబడేవాడు. తర్వాత ఒకరి సాక్ష్యం. సారా మానిన రిక్షా అతను తన సంగతి తన మాటల్లో చెప్పేవాడు. ఆ తర్వాత చిన్న ప్రసంగం. ఎవరి దేవుణ్ణీ ఒక్క మాట అనకూడదని తాతయ్య కుర్రవాళ్ళకు ముందే గట్టిగా చెప్పేవాడు. పాత రోజుల్లో కొందరు మిషనరీలు అలాంటి కరపత్రాలు పంచారని, వాటివల్ల మనసులు గాయపడ్డాయే తప్ప మారలేదని ఆయనకు తెలుసు. మైకు వాడేవాడు కాదు. “నిలబడి వినాలనుకున్నోడికి వినబడితే సాలు” అనేవాడు.

పరికరాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వెళ్ళిపోయాయి. నాయనమ్మ చిన్నతనంలో మ్యాజిక్ లాంతరు, గాజు పలకల మీద రంగు బొమ్మలు. మా చిన్నతనంలో కార్డ్‌టాక్. 1939లో లాస్ ఏంజెలెస్‌లో జాయ్ రిడర్‌హాఫ్ మొదలుపెట్టిన గాస్పెల్ రికార్డింగ్స్ వాళ్ళు చేసిన అట్టముక్క గ్రామఫోను అది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అట్టను మడిచి నిలబెట్టి, రికార్డు పెట్టి, పెన్సిల్ దూర్చి తిప్పడమే. తిప్పే పని పిల్లలది. వేగం పెంచితే తెలుగు బోధకుడు పిల్లాడి గొంతుతో మాట్లాడేవాడు, తగ్గిస్తే మూలిగేవాడు. నాలుగు బస్తీల పిల్లలు సరైన వేగం పట్టడం కోసం పోటీలు పడేవారు, అలా ఒకే కథ ఎన్నిసార్లు విన్నారో. 1978లో ‘కరుణామయుడు’ వచ్చాక, 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లతో ఆ సినిమా బస్తీలకూ పల్లెలకూ ప్రయాణం చేసింది. రెండు గుంజల మధ్య తెల్ల దుప్పటి, దూరంగా జనరేటర్ చప్పుడు. తెరకు అటూ ఇటూ కూడా జనం. యేసు పాత్రలో విజయచందర్ సిలువ మోస్తుంటే పక్కన కూర్చున్న ముత్తైదువలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను చూశాను. రాత్రిపూట రేడియోలో సీషెల్స్ దీవుల నుంచి ఫీబా అనే క్రైస్తవ సంస్థ తెలుగు కార్యక్రమం గరగరమంటూ వచ్చేది. 2003 తర్వాత ఆ దీవి నుంచి వచ్చే గొంతు ఆగిపోయింది.

ఊరంతటినీ కదిలించింది మాత్రం భక్త్ సింగ్. పంజాబ్ సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో క్రీస్తును నమ్మి, 1933లో తిరిగొచ్చిన మనిషి. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను మందిరంలో ఆయన ఏటా జరిపే కూటాలకు వేలమంది వచ్చేవారు. తెల్లబట్టలు కట్టుకుని, వాక్యాలు రాసిన అట్టలు పట్టుకుని, పాడుకుంటూ వీధుల్లో ఊరేగింపు సాగేది. పందిట్లో అందరికీ ఒకే అన్నం, ఒకే చాప, ఒకే వరస. ఏ కులం వాడు ఎవరి పక్కన కూర్చున్నాడో అడిగే దిక్కు ఉండేది కాదు. ఆ వరసలో కూర్చుని తిన్న అన్నం ఏ ప్రసంగం కన్నా ఎక్కువ చెప్పిందని నా నమ్మకం. 2000 సెప్టెంబర్‌లో ఆయన కన్నుమూసినప్పుడు అంతిమయాత్రకు జనం తరలివచ్చిన తీరు ఈ జంటనగరాలు మరిచిపోలేదు.

ఇప్పుడు చిలకలగూడలో అరుగులు లేవు. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, ఎవరింటికని అడుగుతాడు. పేరు తెలియని మనిషి ఇంటికి వెళ్ళే దారే మూసుకుపోయింది. సువార్త ఫోన్‌లోకి వచ్చింది. ప్రసంగాలు, పాటలు అడక్కుండానే వందల మందికి వెళ్ళిపోతాయి. చెప్పేవాడికి వినేవాడి ముఖం కనబడదు, వినేవాడికి నీళ్ళిచ్చే అవకాశం లేదు. మరోపక్క అనుమానాలు పెరిగాయి. సంచి కనబడితే గొడవ, కరపత్రం కనబడితే కేసు. రాజ్యాంగం 25వ అధికరణలో మత ప్రచారం మాటను చేర్చాలా వద్దా అని రాజ్యాంగ సభ 1948 డిసెంబర్‌లో గట్టిగా చర్చించి, చేర్చింది. ఆ హక్కు నాకు ప్రాణంతో సమానం. దాన్ని లాక్కోవాలని చూసేవాళ్ళ ముందు నేను తలవంచను. కానీ తాతయ్య తరం ఆ హక్కును ఎలా వాడిందో మనం మరిచిపోయామన్న బాధ కూడా నాకు అంతే ఉంది.

మా సంఘంలో కుర్రవాళ్ళు సువార్తకు వెళ్ళేముందు ఏం మాట్లాడాలని అడుగుతారు. నేను మాటలు నేర్పను. ముందు ఒక ఇంటికి వెళ్ళి నీళ్ళు అడగండి అంటాను. వాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి. వాళ్ళ పిల్లాడికి లెక్కలు రాకపోతే కూర్చుని చెప్పండి. మీ నమ్మకం గురించి అడిగినప్పుడు దాచకుండా, భయపడకుండా చెప్పండి, నా జీవితాన్ని నిలబెట్టింది ఇదేనని చెప్పండి. వద్దంటే దండం పెట్టి రండి, మళ్ళీ పలకరించడానికి మాత్రం వెళ్ళండి. మూడు నెలలుగా ఇద్దరు పిల్లలు భోలక్‌పూర్‌లో అలాగే వెళ్తున్నారు. ఇంకా ఒక్క పుస్తకం కూడా ఇవ్వలేదని కాస్త చిన్నబోయి చెప్పారు. మీరు సరైన దారిలోనే ఉన్నారని చెప్పి పంపాను.