తేలిక బండి: మా యనుభవము

బావిలో నీరెంత లోతున నున్నదో చేదువారికే తెలియును గాని త్రాగువారికి తెలియదు. బండి విషయమును నట్టిదే. వెనుక కూర్చుండి పోవు స్త్రీకి దారి తెలియును, బండి తెలియదు. మేమును ముప్పది మూడేండ్లు నిండువఱకు వెనుకనే కూర్చుంటిమి. మొదట నాయనగారి సైకిలు వెనుక, తరువాత మావారి స్కూటరు వెనుక. బాల్యమున నింటిలోనే నాయనగారివద్ద భారత భాగవతములు చదువుకొంటిమి. శల్యుని సారథ్యమును గూర్చి గంటసేపు మాటలాడగలము గాని, మా వాకిట నిలిచిన బండి చక్రమున గాలి చాలునో చాలదో చెప్పలేకపోతిమి. ఆ యజ్ఞానము మాకెట్లు వదలెనో, దానికై మాయింట నెట్టి మూల్యము చెల్లింపవలసి వచ్చెనో సోదరీమణులకు విన్నవింతుము.

మావారు వికారాబాదులో నుపాధ్యాయులు. మా అత్తగారు తాండూరులో నుందురు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మా పొలమున పండును. ఆ పొలమును విడిచి ఆమె రానొల్లరు. రెండూళ్ళకు నడుమ సుమారు 40 కిలోమీటర్లు. వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి మూసీనది పుట్టినచోటు. అచటి ఘాటుదారి చెట్లనీడన మెలికలు తిరుగుచు పోవును గనుక సెలవుదినములలో హైదరాబాదునుండి మోటారు సైకిళ్ళవారు గుంపులుగా వత్తురు. తాండూరు దారి తీరు వేఱు. అది బండల సీమ. మన యిండ్లలో పఱచుకొను నీలివన్నె, పసుపువన్నె నాపరాళ్ళు అచటి గనులనుండి కోతయంత్రములకును, అచటినుండి దూరదేశములకును లారీలపై పోవుచుండును. ఆ రాతిపొడి వేసవిలో గాలిలోనుండును. వాన కురిసినచో దారిపై తెల్లని జిగట బురదయై పేరుకొనును. ఆ బురదయే మా కథకు మూలము.

మా మఱదికి పదేండ్ల యీడున మామగారు పోయిరి. అప్పటినుండి అతడు మా చేతి యన్నము తిని పెరిగినవాడు. కొలువు కుదిరిన మఱుసటి యేడే ఎక్స్‌పల్స్ 200 అను బండి కొనెను. 2019లో వెలువడిన యీ రకము మట్టిదారుల కుద్దేశింపబడినది. బరువు 150 కిలోలకు కొంచెము పైన. దాని ముందుచక్రము 21 అంగుళములు, వెనుకది 18 అంగుళములు. మావాడు వానిని తీసి, రెండువైపులను 17 అంగుళముల చక్రములు పెట్టించి, వెడల్పైన నున్నని టైర్లు తొడిగించెను. ఇట్టి బండిని సూపర్‌మోటో యందురట. 1979లో అమెరికాలో టెలివిజనువారికై యొక పందెము జరిపిరి. తారుబాటపై పరుగెత్తువారు, మట్టిగుట్టలపై దుముకువారు, చదునైన మట్టిబాటపై చుట్లు తిరుగువారు, వీరందఱిలో మేటి యెవరో తేల్చుటకై తారును మట్టియు కలిసిన బాటను సిద్ధపఱచిరి. ఆ పందెమునుండి పుట్టినదే యీ జాతి. కాయము మట్టిబండిది, పాదములు తారుబండివి. తేలికయగుటచే మలుపులలో చేప వలె తిరుగును.

అయితే రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చి దారిపై త్రిప్పరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ఆ సంగతి మావాడెఱుగును. వాని వేగమును మేమెఱుగుదుము. "అమ్మకు చెప్పకు వదినా" అని వాడు వేడుకొన్న ప్రతిసారియు మేము నవ్వి యూరకుంటిమి. ముద్దు చేయుటయే ప్రేమయని భ్రమించిన దినములవి.

రెండేండ్ల క్రిందట శ్రావణమాసమున నొక సాయంకాలము, వాన వెలిసిన గడియకు, తాండూరు దాపున ఎదుట లారీ మలుపు తిరుగగా వాడు గట్టిగా బ్రేకు నొక్కెను. ఆ తెల్లని బురదపై బండి ప్రక్కకు జాఱి పడెను. హెల్మెటుండుటచే తల దక్కినది, కాలరుబోను విఱిగినది. మేమును మావారును ఆసుపత్రికి చేరునప్పటికి అత్తగారు మంచము ప్రక్కన కూర్చుండి యుండిరి. ఆమె యేడ్వలేదు, కోపింపలేదు. మా మొగము చూచి, "నీకు ఎరుకేనా, వీడిట్ల నడుపుతడని?" అని యొక్కమాట యడిగిరి. మేము తల వంచుకొంటిమి. కాపురమునకు వచ్చిన నాటినుండి ఆమెకు మాపై నుండిన నమ్మకము ఆనాడు తగ్గినట్లు మాకు తోచెను. ఆ బాధ వాని యెముక అతికిన పిదపకూడ మమ్ము విడువలేదు.

బండిని అమ్మివేయుడని అత్తగారి యాజ్ఞ. అది మూడునెలలు మా వాకిట చింతచెట్టు క్రింద పడియుండెను. వెల కట్టుటకై మా వీధి మిస్త్రీ నొకనిని పిలిపించితిమి. ఆ ముదుసలి మొదట బండిచుట్టు తిరిగి చూచెను. గొలుసు తుప్పుపట్టి, ఎండి, వ్రేలాడుచుండెను. వెనుకటైరు నడుమ అరిగి, అరుగుదల గుర్తు దాక వచ్చియుండెను. బ్రేకుపట్టీలు తమలపాకువలె పలుచబడినవి. గాలి వడపోసెడు ఫిల్టరు విప్పి విదల్పగా తాండూరు రాతిపొడి గుప్పెడు రాలెను. అతడు చేతులు తుడుచుకొనుచు, "అమ్మా, వాన ఒక్కటే పడెయ్యలే పిలగాన్ని" అనెను.

ఆ మాట మాకు గుచ్చుకొనెను. అన్నము వండిన గిన్నెను తోమక మఱునాడు పొయ్యిపై పెట్టము. దీపపు సెమ్మెను తుడువక వత్తి వేయము. ఇట్టి నియమముగల యింట పెరిగిన పిల్లవానికి, తన ప్రాణము మోయు వస్తువును తుడిచి చూచుకొనుట నేర్పకపోతిమే యని సిగ్గుపడితిమి. అమ్ముటకు ముందు దాని సంగతి తెలిసికొందమని నిశ్చయించి, ఆ మిస్త్రీనే గురువుగా నెంచుకొంటిమి. ప్రతి యాదివారము గంటసేపు పాఠము. చేయి కట్టుతో మా మఱదియు ప్రక్కనే పీట వేసికొని కూర్చుండెను.

నేర్చుకొన్న వానిలో ముఖ్యములను చెప్పెదము. ఏ బండికైనను ఇవి యుపకరించును. గొలుసు తుడుచునపుడు ఇంజను ఆపియే యుంచవలెను. తిరుగు గొలుసు వ్రేళ్ళను మ్రింగును. వెనుకచక్రమును స్టాండుపై నెత్తి, చేతితో త్రిప్పుచు, కిరసనాయిలులో ముంచిన మెత్తని బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరిన పిదప లోపలివైపున నూనె పట్టింపవలెను. ఇది 500 కిలోమీటర్ల కొకసారియు, వానలో తడిసిన ప్రతిసారియు చేయవలసిన పని. ఆ నూనె చుక్కయైనను టైరుపైనను బ్రేకు డిస్కుపైనను పడరాదు. గొలుసు బిగువు వీణతంత్రి వంటిది. మిక్కిలి బిగిసినను తెగును, మిక్కిలి వదులైనను పళ్ళచక్రమునుండి జాఱును. ఎంత యుండవలెనో బండితో నిచ్చిన పుస్తకములో వ్రాసియుండును. గాలిని ఉదయము బండి కదలకముందే చూడవలెను, నడిచిన పిదప టైరు వేడెక్కి కొలత హెచ్చుగా చూపును గనుక.

మాకు మిక్కిలి నచ్చినది చక్రపు స్పోకులను పరీక్షించుట. చిన్న పానాతో నొక్కొక్క స్పోకును మెల్లగా మీటవలెను. బిగువుగా నున్నవి ఘల్లుమని యొకే శ్రుతిలో మ్రోగును. వదులైనది మొద్దుగా పలుకును. మొదటి దినమే మూడు మొద్దు స్పోకులను మేము చెవితో పట్టగా మిస్త్రీ నవ్వి, "నీకు సంగీతమొచ్చా అమ్మా?" అని యడిగెను.

పిదప నడుపుట. లెర్నరు లైసెన్సు తీసికొని, సెలవుదినముల వేకువను అనుమతితో పాఠశాల మైదానమున నేర్చితిమి. మావారు గేటుకడ కావలి, మా మఱది గురువు. చక్రములు తిరిగి మొదటివే పెట్టించితిమి. ఆ బండి పీట భూమికి 823 మిల్లీమీటర్ల యెత్తు. మా మునివ్రేళ్ళు మాత్రమే నేలకానును. చీరకొంగు చక్రమున చిక్కి ప్రాణములు పోయిన సంగతులు మనము విన్నవే కదా. దళసరి సల్వారును, మడమ మూయు బూట్లును, మోకాళ్ళకు మోచేతులకు కవచములును ధరించితిమి. రెండుమార్లు పడితిమి. పడినబండిని ముందుకు వంగి లేపినచో నడుము పట్టును. బండికి వీపు ఆనించి, గొంతుకూర్చుండి, ఒకచేత హ్యాండిలును మఱియొకచేత వెనుక కడ్డీని పట్టి, కాళ్ళబలముతో వెనుకకు నడిచిన లేచును. తేలికబండి యగుటచే మావంటివారికిది సాధ్యమైనది.

ముందుబ్రేకును చూచి భయపడవలదని మా మఱది పదేపదే చెప్పెను. బ్రేకు పట్టినపుడు భారమంతయు ముందుచక్రముపైకి వచ్చును. ఆపుశక్తి యచటనే యెక్కువ. అయితే నిమ్మపండును పిండినట్లు క్రమముగా నొత్తవలెను. చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏబీఎస్ అను యంత్రము 2019 ఏప్రిలు నుండి 125 సీసీ పైబడిన క్రొత్తబండ్ల కన్నిటికి తప్పనిసరియైనను, మాబండికది ముందుచక్రమునకే కలదు. వెనుకబ్రేకును కాలు ఎఱిగి నొక్కవలెను. మలుపులో చూపు ఎచటికి పోవునో బండి యచటికే పోవును. గుంతను చూచినచో గుంతలోనే పడుదుము. ద్రోణుడు శిష్యులకు పెట్టిన పక్షికంటి పరీక్ష మాకు అప్పుడు క్రొత్తగా బోధపడెను.

వాని చేయి బాగుపడిన పిదప ఒక యొడంబడిక చేసికొంటిమి: దారిపై కంపెనీ చక్రములే, 17 అంగుళముల చక్రములు పందెపుబాటకు మాత్రమే, ఆదివారము సేవ తప్పినచో ఆ వారము తాళపుచెవి మావద్దనే. వాడు ముక్కు చీదుకొనుచు ఒప్పుకొనెను.

చెన్నై దాపున ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుండి 3.7 కిలోమీటర్ల పెద్ద పందెపుబాట యున్నది. సూపర్‌మోటోకు అంత పొడుగు అక్కఱలేదు. గో-కార్టుల చిన్నబాటయే చాలును. హైదరాబాదు వెలుపలి యట్టి యొకచోటికి బండిని ట్రాలీ ఆటోలో నెక్కించి తీసికొని పోయితిమి. అచట ముందుగా బ్రేకులు, స్పోకులు, ఇరుసునట్లు పరీక్షించిరి. అద్దములు తీయించి దీపములకు పట్టీ లంటించిరి. పసుపుజెండా చూపినచో దాటరాదు, ఎఱ్ఱజెండా చూపినచో ఆగవలెను. మా మఱది లోపలికాలు ముందుకు చాచి, తాను నిటారుగా నుండి బండిని మాత్రము వంచుచు మలుపు తిరుగుట చూచి, నిజము చెప్పవలెనన్న, మాకు గర్వము కలిగెను. క్రొత్తవారి జట్టులో మేమును నాలుగుచుట్లు తిరిగితిమి.

అచట ఎదురుగా లారీ రాదు, బఱ్ఱె రాదు, ఇసుక యుండదు. అంబులెన్సు సిద్ధముగా నుండును. చుట్లు తిరిగినకొలది టైరు వేడెక్కి మెత్తబడి బాటను కఱచుకొనును. అయినను మా కన్నులముందే ఇద్దఱు పడిరి. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన పిదప బండి ఆగుటకు నాలుగింతల దూరము కావలెనట. ఇన్ని వసతులుగల చోటనే యిట్లయిన, రాతిబురదగల తాండూరు దారిపై ఆ వేగమునకు చోటెక్కడ? తిరుగుప్రయాణమున మా మఱది తనంత తానే, "వదినా, ఇక దారిమీద ఉరకబుద్ధి కాదు" అనెను. మా మందలింపులు చేయలేని పనిని ఆ బాట చేసెను.

ఇది స్త్రీలకు తగునా యని కొందఱు మమ్మడిగిరి. బెంగుళూరి ఐశ్వర్య పిస్సే 2019లో బాజా పందెముల స్త్రీల విభాగమున ప్రపంచకప్పు గెలిచెను. హైదరాబాదు జయభారతిగారు 2018లో మఱి ముగ్గురు స్త్రీలతో ఆగ్నేయాసియా దేశములలో మోటారు సైకిళ్ళపై యాత్ర చేసిరి. మేమంతవారము కాము. మాకు కావలసినది నలువది కిలోమీటర్లు.

గడచిన కార్తికమున, లైసెన్సు చేతికి వచ్చిన పిదప, మేమొంటరిగా ఆ బండిపై తాండూరు పోయితిమి. ధారూరు దాటువఱకు గుండె దడదడలాడెను. మా మఱది పడినచోట వేగము తగ్గించి, బురద లేకున్నను మెల్లగా దాటితిమి. అత్తగారు వాకిట కందులు చెఱుగుచుండిరి. హెల్మెటు తీసినదాక మమ్ము గుర్తింపలేదు. గుర్తించిన పిదప మాట లేదు. నీళ్ళిచ్చిరి, అన్నము పెట్టిరి. భోజనముకడ మేము చేసిన తప్పును, నేర్చిన విద్యను, వాని మాటను, అన్నియు దాచక చెప్పితిమి. ఆమె మా గోళ్ళలోని నల్లని నూనెమరకలను చూచుచు వినిరి.

బయలుదేరునపుడు గేటుదాక వచ్చి, వంగి వెనుకటైరును బొటనవ్రేలితో నొక్కి, "గాలి సూసుకున్నవా?" అని యడిగిరి.

"పొద్దున్నే చూచితిని అత్తయ్యా" అంటిమి.

"ఊరికి చేరినంక ఫోను చెయ్యి. వచ్చే ఆదివారం వాణ్ణి కూడ తీస్కరా, నీ వెనక కూసుంటడు" అనిరి.