నేను కొనితెచ్చిన మాత్రలు

మిత్రులు ఈ సంచికలో ప్రేమ గురించీ, దేశ భవిష్యత్తు గురించీ రాస్తున్నారు. నేను మలబద్ధకం గురించి రాయబోతున్నాను. ముక్కు మూసుకోకుండా రెండు నిమిషాలు చదవమని పాఠకులకు మనవి.

మా బాపమ్మ జనగామ దగ్గరి ఊరు వదిలి, బాచుపల్లిలో మా ఐదో అంతస్తు ఫ్లాటుకు వచ్చి నాలుగేళ్లయింది. అమ్మానాన్నలు పొద్దున్నే హైటెక్ సిటీ దారి పడతారు. ఇంట్లో మిగిలేది ఆమే, టీవీ. ఊళ్లో పొలం దాకా నడిచేది, జొన్నరొట్టె తినేది. ఇక్కడ నడక అంటే హాలు నుంచి బాల్కనీ దాకా. కుర్చీలాంటి ఆ కమోడ్ ఆమెకు ఇప్పటికీ పరాయిదే.

"బిడ్డా, కడుపు సాఫ్ గాలే" అన్నప్పుడల్లా నేనే కిందికి వెళ్లి సునాముఖి మాత్రలు తెచ్చేవాణ్ణి. చీటీ ఎవరూ అడగలేదు. మొదట ఒకటి, తర్వాత రెండు, ఆఖరికి రాత్రికి నాలుగు. ఆకు మందే కదా, ఏమవుతుందనుకున్నాను. చిన్నప్పుడు నాన్నకు ఆముదం పట్టించి చారన్నం పెట్టిన మనిషికి తెలియదా!

పోయిన ఎండాకాలం ఒక తెల్లవారుజామున బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కూలబడింది. ఎముక విరగలేదు గాని కాళ్లలో సత్తువ లేదు. రక్తపరీక్షలో పొటాషియం బాగా తగ్గింది. డాక్టరుగారు (తొందర లేని పెద్దమనిషి) మాత్రల సంచీ మొత్తం బల్లమీద గుమ్మరించమన్నారు. సునాముఖి పెద్దపేగును తట్టిలేపి 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుందట. పేగు పూర్తిగా ఖాళీ అయ్యాక మళ్లీ నిండడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ మధ్యలో 'మళ్లీ బిగిసింది' అనుకుని ఇంకో మాత్ర. రోజుకు మూడుసార్లయినా, వారానికి మూడుసార్లయినా సహజమేనన్న సంగతి మాలో ఎవరికి తెలుసు? పైగా రక్తం పట్టడానికి ఇచ్చిన ఐరన్ మాత్ర, ఎముకలకిచ్చిన కాల్షియం మాత్ర రెండూ బిగదీసేవే. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్ర తనవంతు పొటాషియాన్ని బయటికి తోసింది. అన్నీ ఒకే సంచీలో ఉన్నా కలిపి చూసినవాళ్లు లేరు.

"నీళ్లు ఎన్ని తాగుతవమ్మా?" అని అడిగారాయన. బాపమ్మ నా వైపు చూసి ఊరుకుంది. ఇంటికొచ్చాక చెప్పింది: "రాత్రి నేను లేస్తే హాల్ల పండుకున్న నువ్వు గూడ లేస్తవు కొడుకా. నీకు పరీక్షలాయె. అందుకే పొద్దుమీకినంక నీళ్లు ముట్ట."

ఏం జవాబు చెప్పాలో తోచక పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఒక్క అక్షరం ఎక్కలేదు.

ఇప్పుడు డాక్టరుగారు చెప్పినట్టు సునాముఖిని మెల్లగా తగ్గిస్తున్నాం. మధ్యాహ్నం ఒక చెంచా ఇసబ్‌గోల్, నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు చాలకపోతే అది లోపలే ఉబ్బి అడ్డం పడుతుంది. కమోడ్ ముందు పాదాలకు చిన్న పీట, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రంతా ఒక బల్బు. సాయంత్రం కిందికి తీసుకెళ్లి నాలుగు చుట్లు తిప్పుతాను. మొదటి చుట్టుకే తిట్లు మొదలవుతాయి, అది వేరే సంగతి.

మొన్న షాపు కుర్రాడు అలవాటుగా ఆ డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. "వద్దు అన్నా" అన్నాను. బాపమ్మ మాత్రం వారానికోసారి అడుగుతూనే ఉంది.