చిన్నాయన ఉత్తరం

పసుపు ఉడికే కాలంలో ఊరంతా ఒకే వాసన వేసే పల్లె మా కమ్మర్‌పల్లి. ఈ ప్రాంతపు బడులలో దశాబ్దాల పాటు ఛందస్సు, వ్యాకరణం బోధించి విరమించిన తెలుగు పండితునికి పాత ఫుట్‌బాల్ కాగితాల సేకరణ ఏమిటని మిత్రులు పరిహాసమాడుతుంటారు. వారికి ఇన్నాళ్లూ సరైన సమాధానం చెప్పలేకపోయాను.

హైదరాబాదు వెళ్లినప్పుడల్లా ఆదివారం పూట ఆబిడ్స్ కాలిబాటపై పరిచే పాత పుస్తకాల నడుమ కూర్చుంటాను. ఆటల పత్రికల తునకలు, చిరిగిన టికెట్లు, జట్టు ఛాయాచిత్రాలు ఏరుకుంటాను. నాకు కావలసింది ఒక్క హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచిన జట్టు అది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా దానిదే. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. కనుక ఆయనపై నాకు వృత్తిబంధువన్న అభిమానం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాల్గవ స్థానం పొందినా, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియా క్రీడల స్వర్ణం గెలిచినా శిక్షకుడు ఆయనే. క్యాన్సర్ దేహాన్ని తినివేస్తుండగానే జకార్తా జట్టును నడిపించి, 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తరం మేటి ఆటగాడు, సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం కూడా 2023లో వెళ్లిపోయారు.

ఈ పిచ్చికి మూలపురుషుడు మా చిన్నాయన. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. 2015లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ అప్పట్లో మా జిల్లాకు అన్నపూర్ణ. పండుగకు వచ్చినప్పుడు గుడ్డపేలికలతో బంతి చుట్టి, దానిని పాదం మీద నిలిపి మాకు వినోదం చూపేవాడు. "వీనికి ఆటపిచ్చి పోదు" అని బాపు విసుక్కునేవాడు. నేనూ అదే నమ్మాను.

బాపు పోయిన తరువాత ఆయన ట్రంకుపెట్టెలో చిన్నాయన ఉత్తరాలు దొరికాయి. నిజాం కాలపు చదువు గావున అన్నీ ఉర్దూలో ఉన్నాయి. అక్షరమాలకు ఆవల నిలబడినవాడిలా వాటిని ఏళ్ల తరబడి చూస్తూ ఉండిపోయాను. నిరుడు, నాతో పనిచేసి విరమించిన ఉర్దూ ఉపాధ్యాయ మిత్రుడు మా అరుగుపై కూర్చుని ఒక్కొక్కటే చదివి అర్థం చెప్పాడు.

1952 నాటి ఉత్తరం వద్ద ఆయన గొంతు తగ్గింది. పోలీస్ జట్టు ఎంపికకు రమ్మని చిన్నాయనకు కబురు వచ్చిందట. "అన్నా, నీవు ఒప్పుకుంటేనే పోతాను" అని వ్రాశాడు. దాని వెనుకవైపు బాపు చేతివ్రాతలో జవాబు చిత్తుప్రతి ఉంది. మొదట "పోయి రా" అని వ్రాసి, ఆ మాటను కొట్టివేశాడు. కింద చెల్లెలి పెండ్లి అప్పు లెక్క, ఆపైన "నౌకరీ విడువకు" అన్న ఒక్క వాక్యం. చిన్నాయన వెళ్లలేదు. బ్రతికినంతకాలం ఆ ఊసే ఎత్తలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాపును నిందించడానికి నాకేమి అర్హత? నా సర్వీసులో ఒక పిల్లవాడు వాలీబాల్‌లో జిల్లా స్థాయికి ఎదిగాడు. అతని తండ్రిని పిలిచి, "ఆట కూడు పెట్టదు, పదవ తరగతి పోతుంది" అని హితవు చెప్పినవాడిని నేనే. మరునాటి నుండి ఆ పిల్లవాడు మైదానంలో కనిపించలేదు. నా వద్ద కనీసం అప్పు లెక్క కూడా లేదు.

కాలిబాటపై దొరికిన టికెట్లకు వెల కట్టవచ్చు. కానీ ఈ ఉత్తరాన్ని వాటితో కలపలేదు. చిన్నాయన మనుమరాలు నిజామాబాదులో చదువుకుంటున్నది; వచ్చే దసరాకు వస్తే దానిని, మిత్రుడు చెప్పగా నేను తెలుగులో వ్రాసుకున్న ప్రతితో సహా ఆమె చేతిలో పెడతాను. ఆమె తాత ఎవరో ఆమెకు తెలియాలి కదా.

మీ ఇండ్లలోనూ చదవరాని లిపిలో ఉత్తరాలుంటాయి. చెదలకు వదలకండి. చదవగలిగిన పెద్దలు ఉన్నప్పుడే చదివించుకోండి.